భోగికి 38 రోజులు: వామనగుంటల పీట, గలీబు బొమ్మ

భోగికి 38 రోజులు

సంక్రాంతికి అమలాపురంలో అన్నయ్య వాళ్లింటికి వెళ్తూ పిల్లలకి ఏం పట్టుకెళ్లాలో ఈసారి ముందే వదినని అడిగాను. ఇన్నేళ్లలో అడగడం ఇదే మొదలు. మేనకోడళ్లు ఇద్దరు. పెద్దదానికి ఏడేళ్లు, చిన్నదానికి రెండేళ్లు దాటి నాలుగు నెలలు. ఇద్దరికీ కలిపి నేను పెట్టగలిగింది పన్నెండు వందలు.

వదిన చెప్పినవన్నీ క్యాలెండర్ వెనక రాసుకున్నాను. ప్లాస్టిక్ వద్దు. బ్యాటరీ వద్దు. పాడేవీ కూసేవీ వద్దు, అన్నయ్యకి వారం విడిచి వారం రాత్రి డ్యూటీ, పగలు పడుకోవాలి. చాక్లెట్లు వద్దు. ఉతకడానికో తుడవడానికో వీలుండాలి. చిన్నదాని నోట్లో పట్టేంత ముక్క ఏదీ ఊడి రాకూడదు. ఖరీదైనవి అసలే వద్దు. "నువ్వు అప్పు చేసి తెచ్చావని తెలిస్తే మీ అన్నయ్య ఊరుకోరు" అంది.

పట్టింపు మనిషని మా చుట్టాల్లో వదినకి పేరు. నేనూ అలాగే అనుకునేదాన్ని. "బ్యాటరీ ఎందుకొద్దు వదినా?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. పోయిన సంక్రాంతికి నేను తీర్థంలో కొనిచ్చిన పాటల బొమ్మ ఓ రోజు అరుగు మీంచి పడింది. వీపు మీద మూత ఊడి మూడు గుండీ బ్యాటరీలు దొర్లాయి. రెండు దొరికాయి. మూడోది చిన్నదాని గుప్పిట్లో ఉంది. అప్పటికి దానికి ఏడాదిన్నర. గుప్పిట విప్పి తీసేశారు, ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రంతా వదిన నిద్రపోలేదట.

అలాంటి బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే, తడి తగలగానే కరెంటు పారి క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే లోపల కండ కాలిపోతుంది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. ఆ రోజు తీర్థంలో నేను డబ్బా తిరగేసి చూడలేదు. రంగు చూశాను, పాట విన్నాను, కొనేశాను.

ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఆడపడుచు పెట్టిన వస్తువుకి వంక పెట్టానంటారని" అంది. ఆ మాట పొద్దుటి నుంచీ నాలో మెదులుతూనే ఉంది.

భోగికి 36 రోజులు

పెద్దదానితో మాట్లాడాను. ఏం కావాలే అంటే, స్నేహితురాలింట్లో చూసిన గులాబి రంగు బొమ్మరిల్లు కావాలంది. కాసేపాగి, "అత్తా, నాతో ఆడుకోవడానికి ఎవరూ లేరు. చెల్లి అన్నీ చెడగొట్టేస్తది" అంది. రెండో మాట రాసుకున్నాను.

ఇద్దరు కూర్చుని ఆడేది కావాలి. చప్పుడు ఉండకూడదు. అన్నయ్యకి వచ్చిన ఆటైతే సాయంత్రం లేచాక వాడే దాన్ని కూర్చోబెట్టుకుంటాడు. మా చిన్నప్పుడు నాన్నమ్మ అరుగు మీద మాకు వామనగుంటలు నేర్పింది, పీట మీది గుంటల్లో పిక్కలు ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోయే ఆట. అన్నయ్య అందరినీ ఓడించేవాడు. రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు, మొత్తం పద్నాలుగు. మా ఇంట్లో గుంటకి అయిదు పిక్కల లెక్క. ఆ పీట ఏమైందో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

పెద్దదానికి వామనగుంటల పీట నా చేత్తో చేస్తాను. చిన్నదానికి గుడ్డబొమ్మ. ముందు ఏటికొప్పాక బొమ్మలు కొందామనుకున్నాను. అంకుడు కర్ర, లక్క పూత, పసుపు లాంటి చెట్టూ చేమల రంగులు. ఆ సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఐఎస్ఐ నిబంధన నుంచి అలాంటి చేతిపనుల బొమ్మలకి మినహాయింపు కూడా ఉంది. కానీ మా ఇంట్లో ఉన్న నా చిన్నప్పటి లక్కపిడతలు తీసి చూస్తే మూతలన్నీ చిన్నదాని నోటికి సరిపోయేలా ఉన్నాయి. అవి ఇంకో నాలుగేళ్లాగాలి.

భోగికి 33 రోజులు

ఒక కొలత గొట్టం చేసుకున్నాను. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. బొమ్మలోది ఏ ముక్కయినా అందులో పూర్తిగా పట్టేస్తే ఆ బొమ్మ పసిపిల్లలకి పనికిరాదు. డ్రాయింగ్ షీటు ముక్కని ఆ కొలతకి చుట్టి అంటించాను. అసలు గొట్టానికి అడుగు ఏటవాలుగా ఉంటుంది, లోతు ఒకవైపు 25.4, రెండోవైపు 57.1 మిల్లీమీటర్లు. అదీ కాగితంతోనే అమర్చాను.

లక్కపిడత మూత వేశాను, పట్టేసింది. గవ్వ, చింతపిక్క, చొక్కా గుండీ, రూపాయి బిళ్ల అన్నీ పట్టేశాయి. నిమ్మకాయ పైన ఆగింది. రేగిపండు వేస్తే జారి కిందికి పోయింది. భోగిపళ్లు పోసేటప్పుడు రేగిపళ్లూ చిల్లరా కలిపే పోస్తాం. ఈసారి చిన్నదానికి బంతిపూల రేకులు ఎక్కువ, పళ్లు నాలుగే, అవీ చేత్తో తీసేద్దామని వదినకి చెప్పాను. తనూ అదే అనుకుంటోందట, అమ్మతో ఎలా అనాలా అని ఆగిందట. అమ్మకి నేను చెప్పాను.

భోగికి 30 రోజులు

పాలకొల్లులో కలప అడితికి వెళ్లాను. తక్కువలో వస్తుందని మామిడి చెక్క తీసుకున్నాను, 120 రూపాయలు. గోడకి ఆనించి పెడితే మర్నాడు కింద పిండిలా సన్నటి పొడి. చెక్క తిప్పి చూస్తే గుండుసూది మొనంత బెజ్జాలు. పుచ్చిపోయింది. ఇంట్లో వేరే కర్రకి పాకకుండా బయట పెట్టేశాను.

మళ్లీ వెళ్లి ఈసారి మేస్త్రీ గారిని అడిగి తీసుకున్నాను. పనస చెక్క, 18 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం. మిగిలిన ముక్క కాబట్టి 250కి ఇచ్చారు. తెగ్గోసిన వైపు పసుపు ముద్దలా ఉంది. ఈ రంగు రానురాను తేనె రంగులోకి దిగుతుంది. బొబ్బిలి వీణ చేసేదీ పనసతోనే. మేస్త్రీ గారు రెండువైపులా చిత్రిక పట్టి, నాలుగు మూలలూ గుండ్రంగా కోసి, నాకు ఉలి పట్టడం నేర్పారు. "ఉలిని తొయ్యకమ్మా, నడిపించు" అన్నారు. నేర్పినందుకూ చేసినందుకూ కలిపి 200 తీసుకున్నారు. గుండ్రటి మొన ఉన్న ఉలి ఒకటి పండగ దాకా వాడుకోమని ఇచ్చారు.

భోగికి 27 రోజులు

ధనుర్మాసం వచ్చింది. తెల్లారుజామున మంచులో ముగ్గు పెట్టి, ఆ తర్వాత గంటసేపు పీట పని.

గుంట గీయడానికి చిన్నపిల్లల గాజు పెట్టాను. కొలిస్తే సరిగ్గా రెండంగుళాలు. వరసలో ఏడు గాజులకి పద్నాలుగు అంగుళాలు, మధ్యన ఆరు సందులూ చివర్లు రెండూ తలో అరంగుళం, మొత్తం పద్దెనిమిది. లోతు ముప్పావంగుళం. దానికి కొబ్బరి ఈనెని ముప్పావంగుళానికి విరిచి, గుంటలో నిలబెట్టి చూసుకుంటున్నాను. ఈనె కొస పీట అంచుతో సమానంగా వస్తే ఆ గుంట అయినట్టు.

మొదటి గుంటకి రెండు రోజులు పట్టింది. ఉలి గుంట అంచు నుంచి నడిమికి రావాలి. నడిమి నుంచి అంచుకి వెళ్తే కర్ర చారల వెంట చీలిక లేస్తుంది. రెండు పక్కల నుంచీ నడిమికి చెక్కుతూ వస్తే అడుగున ఒక చిన్న దిమ్మ మిగులుతుంది, దాన్ని చివర్న అడ్డంగా తీసెయ్యాలి. చెక్కిన పొట్టు సన్నగా చుట్టుకుని ఉల్లిపొరలా వస్తే ఉలి పదునుగా ఉన్నట్టు. పొడిలా రాలితే నూరే వేళయినట్టు.

భోగికి 22 రోజులు

ఆరు గుంటలయ్యాయి. ఆరోదాంట్లో తొందరపడ్డాను. అయిదో గుంటకీ ఆరో గుంటకీ మధ్యనున్న గట్టు పైన చిక్కుడు గింజంత పెచ్చు లేచిపోయింది.

గట్టు తగ్గితే ఆడేటప్పుడు పిక్కలు పక్క గుంటలోకి దొర్లుతాయి, లెక్క తప్పుతుంది. పెచ్చు పారేయకుండా దాచాను కాబట్టి ఫెవికాల్ పెట్టి అక్కడే కూర్చోబెట్టి, దారంతో చుట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున గరుకు కాగితం పెట్టి రుద్దితే సన్నటి గీత ఒకటి మిగిలింది. గోరు పెట్టి లాగి చూశాను. కదల్లేదు. రోజూ రెండు గుంటలకి మించి చెక్కకూడదని ఆ రోజే అనుకున్నాను.

భోగికి 19 రోజులు

చిన్నదాని బొమ్మ సంగతి. అమ్మ పాత బండారులంక నేత చీర ఒకటి ఉంది. ఉతికీ ఉతికీ మెత్తబడిపోయింది. కత్తిరించే ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూశాను. ఒంటి రంగు దిగలేదు. ఎర్ర అంచు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా గుడ్డకి కొంచెం అంటింది. చిన్నది బొమ్మ చెయ్యి నోట్లో పెట్టుకోకుండా ఉండదు. అంచు పక్కన పెట్టేశాను. అందమంతా ఆ అంచులోనే ఉంది, బాధేసింది.

కళ్లకి గుండీలు కుట్టలేదు, నల్లదారంతో కుట్టుపని చేశాను. ముక్కు లేదు. నవ్వు మాత్రం ఉంది.

లోపల ఏం కూరాలన్నది పెద్ద చిక్కయింది. మా వైపు తలగడలకి బూరుగు దూది వాడతాం. అది తేలిక, మెత్తన, కానీ ఉతికితే ఉండ కడుతుంది, కుట్లలోంచి నూగు పైకి వస్తుంది. పాత నూలు గుడ్డల పీలికలు కూరి, ఉతికి ఆరేశాను. ఈ మంచుకి రెండు రోజులైనా లోపల ఆరలేదు. మూడో రోజు విప్పితే ముక్కవాసన. వదిన చేతికి అది ఇవ్వలేను.

భోగికి 16 రోజులు

తలగడకి గలీబు మారుస్తుంటే దారి దొరికింది. బొమ్మ ఒంటినే గలీబులా కుట్టాను. వీపు వైపు ఒక గుడ్డ మీద ఇంకో గుడ్డ నాలుగు వేళ్ల మేర ఎక్కుతుంది. జిప్పు లేదు, గుండీ లేదు, తాడు లేదు. పీలికలు వేరే సంచిలో ఉంటాయి. ఉతకాలంటే సంచి బయటికి తీసి గలీబు ఉతుక్కోవచ్చు. సంచిని ఎండలో పెడితే చాలు. గలీబు ఉతికి దండెం మీద వేస్తే మధ్యాహ్నానికి ఆరిపోయింది.

లంగా అంచుకి లేసు పెట్టాలని నాకు ఆశ. ఎదురింటి పిన్నిగారు నలభై ఏళ్ల నుంచి లేసు అల్లుతున్నారు. నరసాపురం చుట్టుపక్కల ఇంటింటా ఈ పనే. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ అల్లే చేతికి అందే డబ్బు చాలా తక్కువ. వదినకి ఫోన్లో చూపిస్తే, ఆ కన్నాల్లో చిన్నదాని వేలు ఇరుక్కుంటుందేమో అంది. పిన్నిగారికి చెప్పాను. ఆవిడ విసుక్కోలేదు. "నిజమేనమ్మా, మా మనవడికీ అయింది" అని, కన్నాలు లేకుండా బిగుతుగా, వేలెడు వెడల్పున అర మీటరు అల్లి ఇచ్చారు. డబ్బు వద్దన్నారు. చేతిపనికి డబ్బు ఇవ్వకుండా తీసుకోవడం నాకు ఇష్టం లేదు. 60 బలవంతంగా చేతిలో పెట్టాను.

భోగికి 9 రోజులు

పద్నాలుగు గుంటలూ అయ్యాయి. రబ్బరు బంతికి గరుకు కాగితం చుట్టి గుంటల్లో తిప్పాను. ముందు 80 నంబరు, తర్వాత 120, చివరికి 220. 220తో రుద్దాక వేలు పెడితే గిన్నె లోపల రాసినట్టుంది. తూకం వేస్తే కిలో నూట యాభై. కాలి మీద పడితే దెబ్బే. నేల మీదే ఉంచాలి, మంచం మీద పెట్టకూడదని వదినకి చెప్పాలి.

వార్నిష్ వద్దనుకున్నాను. చిన్నది తప్పకుండా నాకుతుంది. కోనసీమ పిల్లకి కొబ్బరి నూనె కంటే ఏముందని అదే రాశాను. పొరపాటైంది. కొబ్బరి నూనె ఆరే రకం కాదు. మర్నాటికీ జిడ్డుగానే ఉండి గదిలో దుమ్మంతా పట్టేసింది. పొడిగుడ్డతో నూనెంతా ఒత్తి తుడిచి, మళ్లీ 220 కాగితంతో రుద్దాల్సొచ్చింది.

భోగికి 7 రోజులు

కంసాలి దగ్గర తేనెమైనం తెచ్చాను, 90 రూపాయలు. చలికి సీసాలో కొబ్బరి నూనె గడ్డకట్టింది. నాలుగు చెంచాల నూనెకి చెంచాడు మైనం లెక్కన గిన్నెలో వేసి, ఆ గిన్నెని మరుగుతున్న నీళ్లలో పెట్టి కరిగించాను. నేరుగా మంట మీద పెట్టకూడదు. చల్లారాక వెన్నలా అయింది. పాత బనీను ముక్కతో పల్చగా పట్టించి, అరగంటాగి గట్టిగా రుద్దాను. ఈసారి జిడ్డు లేదు. పనస చారలు పైకి తేలాయి. అతికిన గీత కూడా ఆ చారల్లో ఒకటిలా కలిసిపోయింది.

భోగికి 5 రోజులు

డెబ్భై చింతపిక్కలు ఏరాను. కడిగి ఎండబెట్టాను. అన్నీ ఒకే సైజువి, చేతిలో పోసుకుంటే చల్లగా, నున్నగా. ఒక్కటి కూడా నా కాగితం గొట్టం మీద నిలవదు. పెద్దదానికి ఆట, చిన్నదానికి ప్రమాదం. ఒకే ఇంట్లో.

రెండు రోజులు ఇదే టెన్షన్. పెద్ద గింజలు వాడదామంటే గుంటలో అయిదు పట్టవు. పిక్కలు లేకుండా పీట ఇవ్వడం అర్థం లేని పని. చివరికి వదినకే ఫోన్ చేశాను. "చిన్నది పడుకున్నాకే ఆడిస్తాను. కానీ ఒక్క పిక్క మంచం కిందకి దొర్లినా నాకెలా తెలుస్తుంది?" అంది. అడగాల్సిన ప్రశ్నే.

ఫోన్ పెట్టేసి పీట ముందు కూర్చున్నాను. ఆట మొదలుపెట్టేటప్పుడు గుంటకి అయిదు చొప్పున నింపుతాం కదా. ముగించేటప్పుడు కూడా అలాగే నింపితే? పద్నాలుగు గుంటల్లో అయిదేసి నిండితే డెబ్భై ఉన్నట్టే. ఒక్కటి తగ్గినా చివరి గుంట నాలుగుతో కనబడుతుంది. చదువురాని వాళ్లయినా చూసి చెప్పగలరు. ఇంక కొత్తగా ఏమీ చెయ్యక్కర్లేదు, పీటే లెక్క చెబుతుంది. నింపి, చూసి, సంచిలో పోసి మేకుకి తగిలించాలి. పెద్దది ఈ పని చెయ్యగలదు. వెంటనే మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. వదిన నవ్వింది. "అయితే తెచ్చెయ్యి" అంది.

చీర ఎర్ర అంచు పిక్కల సంచికి వాడాను. పెద్దది దాన్ని నోట్లో పెట్టుకోదు.

ఖర్చు: పుచ్చిన మామిడి 120, పనస 250, మేస్త్రీ గారికి 200, గరుకు కాగితాలు 45, మైనం 90, లేసు 60, దారాలు 40. మొత్తం 805.

భోగి

నిన్న సాయంత్రం చించినాడ వంతెన మీదుగా రాజోలు బస్సులో వచ్చాను. పీట ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను.

పెద్దది పీట చూసి ముందు ఏమీ అనలేదు. గుంటలో వేలు పెట్టి తిప్పింది. "ఇది నువ్వు చేశావా అత్తా? అన్నీనా?" అంది. బొమ్మరిల్లు గురించి అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకునే వచ్చాను. చిన్నది బొమ్మని చంకలో పెట్టుకుని, భోగిపళ్లు పోస్తుంటే కూడా వదల్లేదు. బంతిరేకులు బొమ్మ నెత్తి మీద కూడా పోయించింది.

రాత్రి చిన్నది పడుకున్నాక అన్నయ్య పీట ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పెద్దది రెండాటలు ఓడింది. మూడో ఆటలో వాడు ఎక్కడ ఆగుతాడో ముందే లెక్కపెట్టడం మొదలుపెట్టింది, పెదాలు కదుపుతూ. మధ్యలో చిన్నది లేచి వచ్చి బొమ్మతో సహా మా పక్కన చతికిలబడింది. వదిన దాన్ని వెంటనే ఎత్తుకుంది.

ఆట అయ్యాక పెద్దది గుంటలు నింపింది. చివరి గుంటలో నాలుగు.

మళ్లీ లెక్కపెట్టాం. నాలుగే. చాప దులిపాం, బల్ల కింద టార్చి వేశాం. వదిన చిన్నదాని నోట్లో వేలు పెట్టి చూసింది, ఏమీ లేదు. రెండు గుప్పిళ్లూ ఖాళీ. నా గుండె దడదడలాడింది. అప్పుడు పెద్దదే బొమ్మని తీసుకుని వీపు వైపు గలీబులో చెయ్యి పెట్టింది. రెండు గుడ్డల మధ్య పిక్క దొరికింది. చిన్నది తన బొమ్మకి అన్నం పెట్టిందట.

నా పనిలో లోపం అదే. గలీబు నోరు దాచుకోవడానికి చోటవుతుందని నాకు తట్టలేదు. వదినకి సంజాయిషీ చెప్పబోయాను. "తగ్గిందని తెలిసింది కదా, లేకపోతే రేపు దొరికేది, ఎక్కడో" అంది. సూదీ దారం తెచ్చిచ్చింది.

గలీబు నోటికి అడ్డంగా ఎడంగా కుట్లు వేశాను. ఉతికేటప్పుడు కత్తెరతో తెంపి మళ్లీ వేసుకోవచ్చు. వేలు పెట్టి చూశాను, దూరలేదు. వదిన కూడా పెట్టి చూసి, కింద ఇంకో కుట్టు వెయ్యమంది. వేశాను. పిక్కల సంచి మేకుకి తగిలించి ఉంది. పెద్దది పడుకునే ముందు వెళ్లి దాన్ని ఒకసారి పట్టుకుని చూసుకుంది.